ఒక్క స్క్రూ



మా లాప్‌టాప్ ఒకరోజు తెరుచుకునేది, మరునాడు బూట్ డివైస్ లేదనేది. ఎస్ఎస్‌డీ చచ్చింది, ప్రసంగాలన్నీ పోయాయనుకున్నాం. గద్వాలలో రిపేరు తమ్ముడు మూత విప్పి చూపించాడు: ఎం.2 ఎస్ఎస్‌డీని చివర పట్టి ఉంచే చిన్న స్క్రూ లేదు. కదిలినప్పుడల్లా కాంటాక్టు తప్పుతోంది. బ్యాటరీ కనెక్షన్ తీసి, ఎస్ఎస్‌డీని స్లాట్‌లో సరిగా కూర్చోబెట్టి స్క్రూ బిగించాడు. బయోస్‌లో పేరు కనబడింది. ఫైళ్లన్నీ భద్రం. ఆ రాత్రే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాం.

మన సంఘంలో ఒక పెద్దాయన, భార్య ప్రభువునందు నిద్రించాక, ఒక ఆదివారం వస్తే రెండు ఆదివారాలు రావడం లేదు. విశ్వాసంలో చల్లారిపోయాడని మేమే తీర్పు తీర్చాం. చెయ్యి పట్టుకుని తెచ్చే మనిషి లేదని చూడలేదు. యోహాను 15లోని ద్రాక్షావల్లి, తీగెల గురించి ఎన్నోసార్లు ప్రసంగించాం. ఆయన గడప మాత్రం తొక్కలేదు.

ఈ సాయంత్రం వెళ్తున్నాం. ప్రార్థించండి.