క్లాసు బయటి పాఠాలు – 11: ఖాళీగా వదిలేసిన అమ్మాయి

తెలుగు పాఠాలు చెప్పుకునేదానికి బాస్కెట్‌బాల్ ఎందుకమ్మా అని అడుగుతారు. చెబుతాను, చదవండి.

2023 మార్చి 31, డల్లాస్. అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ సెమీఫైనల్. ఒకవైపు ఆ సీజన్‌లో ఆడిన 36 మ్యాచ్‌లూ గెలిచిన సౌత్ కరోలినా. ఇంకోవైపు కెయిట్లిన్ క్లార్క్ ఆడే అయోవా. సౌత్ కరోలినా కోచ్ డాన్ స్టేలీ, ఫిలడెల్ఫియాలో పేదల కోసం కట్టిన సర్కారు ఇళ్లలో పెరిగిన నల్లజాతి మహిళ.

అయోవా ఒక లెక్క వేసుకుంది. సౌత్ కరోలినా బలమంతా బుట్ట దగ్గరే. అందుకని మనుషుల్ని లోపల పెట్టేసి, దూరం నుంచి వేయలేరనుకున్నవాళ్లని వదిలేసింది. అలా వదిలేసిన అమ్మాయి రేవెన్ జాన్సన్. బంతి ఆమె చేతిలో ఉన్నా క్లార్క్ దగ్గరికి పోలేదు. "వేసుకో పో" అన్నట్టు చెయ్యి విసిరింది.

ఆటగా అది తెలివైన నిర్ణయమే, తప్పు పట్టను. క్లార్క్ 41 పాయింట్లు వేసింది, అయోవా 77-73తో గెలిచింది. రెండు పాయింట్ల తేడా ఉన్నప్పుడు, ఇంకా 18 సెకన్లు ఉందనగా క్లార్క్ షాట్ తప్పింది. మ్యాచ్ అంతా రీబౌండ్లు లాక్కున్న సౌత్ కరోలినాకి సరిగ్గా ఆ ఒక్కటీ దొరకలేదు.

ఆ చెయ్యి విసిరిన వీడియో దేశమంతా తిరిగింది. ఆట మానేద్దామనుకున్నానని రేవెన్ తర్వాత చెప్పింది.

ఇంకోటి కూడా ఉంది. సౌత్ కరోలినాతో రీబౌండ్లకి దిగడమంటే బార్‌లో కొట్లాటకి పోవడమేనన్న మాట మ్యాచ్‌కి ముందు అయోవా కోచ్ నోటి నుంచి వచ్చింది. ఓడిన రాత్రి స్టేలీ సూటిగా జవాబిచ్చింది. మా పిల్లలు రౌడీలు కాదు, కోతులు కాదు అంది. వాళ్లు గెలిస్తే తెలివి, వీళ్లు గెలిస్తే కండబలం. మనకి తెలియని లెక్కా ఇది?

నాకా వీడియో కొత్తగా అనిపించలేదు. ప్రబంధాల మీద పీహెచ్‌డీ చేస్తానంటే ఒక పెద్దాయన, "మీకెందుకమ్మా అవి, దళిత సాహిత్యం చేసుకోండి, తేలిగ్గా అయిపోద్ది" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. దళిత సాహిత్యం తేలికని ఆయనకెవరు చెప్పారో! ఇప్పుడు సెమినార్‌లో నేను పేపరు చదివితే ప్రశ్నలుండవు. పక్కవాళ్లని చీల్చి చెండాడే ప్రొఫెసర్లు నాకు చప్పట్లు కొట్టి టీకి లేస్తారు. ఎవరూ అడ్డం రారు. దూరంగా నిలబడి "వేసుకో" అంటారు. అవకాశం అంటే అది కాదు. నీవల్ల ఏమీ కాదులే అనే తీర్పు అది.

ఇక స్టేలీ ఏం చేసిందో చూడండి. ఆ ఓటమి తర్వాత మొదటి ఐదుగురూ వెళ్లిపోయారు. రేవెన్‌ని ఆమె దాచిపెట్టలేదు, మొదటి ఐదుగురిలోకి తెచ్చింది. 2024 ఏప్రిల్ 7, క్లీవ్‌లాండ్, ఫైనల్. మళ్లీ అయోవా. క్లార్క్ మొదటి క్వార్టర్‌లోనే 18 పాయింట్లు వేసింది. ఆమెని పట్టుకునే పని రేవెన్‌కి పడింది. మిగతా మూడు క్వార్టర్లలో క్లార్క్‌కి వచ్చినవి 12. హాఫ్ టైమ్‌కి ముందు రేవెన్ ఆమె చేతిలోంచి బంతి లాగేసుకుని పోయి బుట్టలో వేసింది.

చివర్లో తేడా ఐదుకి తగ్గింది. కిందటేడు జట్టు తడబడింది అలాంటి చోటే. ఈసారి ఆఖరి నాలుగు నిమిషాల్లో అయోవాకి ఒక్క పాయింటూ రాలేదు. బెంచి మీంచి లేచొచ్చిన పిల్లల పాయింట్లు సౌత్ కరోలినాకి 37, అయోవాకి సున్నా. 87-75. సీజన్ మొత్తం 38 మ్యాచ్‌లు, 38 గెలుపులు.

ఆఖరి నిమిషంలో కోచ్ అద్భుతం చేస్తుందనుకుంటాం. అసలు పని ఏడాది ముందే జరుగుతుంది, ఎవర్ని నమ్మాలో తేల్చుకున్నప్పుడు. బెంచి మీది పిల్లని నవంబరులో ఆడించకుండా ఏప్రిల్‌లో గెలిపించమంటే ఎలా?

మేష్టార్లకి నాదొక్కటే మనవి. మా పిల్లలు పేపరు చదివినప్పుడు ఉత్త చప్పట్లు వద్దు. ఎదురుగా వచ్చి నిలబడండి. గట్టిగా అడగండి. వాళ్లు జవాబు చెబుతారు.