ముందుకాలు దిగే క్షణం

ఫాస్ట్ బౌలర్ బంతి వదిలే ముందు ముందుకాలు క్రీజులో దిగుతుంది. పరుగెత్తుకొచ్చిన వేగమంతా ఆ ఒక్క కాలి మీద ఆగుతుంది. ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం మడమ నుంచి మోకాలికి, అక్కణ్ణుంచి నడుముకు ఎక్కుతుంది. అదే క్షణంలో నడుము వెనక్కి వాలి, పక్కకు వంగి, మెలి తిరుగుతుంది కూడా. వెన్నెముక అడుగు పూసల వెనకభాగంలో ఒక సన్నని ఎముక ఉంది. ఈ భారమంతా దాని మీదే పడుతుంది. ఇనప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో దానికీ అదే అవుతుంది. కుడిచేత్తో వేసేవాళ్లకు ఎడమపక్క, ఎడమచేత్తో వేసేవాళ్లకు కుడిపక్క.

డాక్టరుగా మగపిల్లల్లోనూ ఈ దెబ్బ చూస్తాను. ఆడపిల్ల వస్తే మాత్రం నడుము కంటే ముందు అడగాల్సిన మాట ఒకటుంది. గ్రౌండులో ఆ మాట అడిగేవాళ్లు లేరు.

కర్నూలు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పదిహేడేళ్లు, ఎడమచేతి పేసర్. ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద ఇండియాకు ఆడినప్పటి నుంచి తనకూ ఆ పిచ్చి పట్టిందని వాళ్లమ్మ చెప్పింది. ప్లాస్టిక్ కవర్లో ఎక్స్‌రే తెచ్చారు. అందులో ఏమీ లేదని ఎవరో చెప్పి పంపారట. "ఇంజక్షన్ ఏసి పంపీయండి మేడమ్, ఆదివారం సెలక్షన్లు ఉండాయి" అంది తల్లి. పిల్లను కుడికాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నాను. సగం వంగి ఆగిపోయింది. వేలితో చూపించమంటే నడుం కుడిపక్క సరిగ్గా ఆ ఎముక మీదే వేలు పెట్టింది. ఎంఆర్ఐలో ఎముక లోపల వాపు కనబడింది. ఇంకా చీలలేదు. ఈ దశలో ఎక్స్‌రే శుభ్రంగానే ఉంటుంది.

"పీరియడ్స్ సరిగా వస్తున్నాయా తల్లీ?"

పిల్ల అమ్మ వైపు చూసింది. "ఉగాదప్పటి నుంచి రాలేదు మేడమ్. ఆటల పిల్లలకు అట్లే ఉంటాదంట గదా. మ్యాచుల్లో ఇబ్బంది లేదులే, మంచిదే అనుకుంటిమి" అంది తల్లి. అప్పటికి కార్తీకమాసం నడుస్తోంది.

ఇక తిండి సంగతి. తెల్లారుజామున నెట్స్‌కు పోయేముందు టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం కాలేజీలో డబ్బా అన్నం. సాయంత్రం మళ్లీ ప్రాక్టీసు. రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు. సన్నబడితే స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెప్పారట. రోజంతా పరుగెత్తే పిల్లకు పరుగుకు సరిపడా తిండే లేదు. అలాంటప్పుడు ఒళ్లు ముందు నెలసరిని ఆపేస్తుంది. ఈస్ట్రోజెన్ పడిపోతుంది, దాంతో ఎముక గట్టిపడటం మందగిస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి పేరు పెట్టి, క్రీడాకారులను చూసే డాక్టర్లందరినీ హెచ్చరించింది. మన జిల్లా మైదానాల దాకా ఆ కబురు రాలేదు. ఆడమనిషి ఎముకల బలంలో ఎక్కువ భాగం ఇరవై ఏళ్లు నిండేలోపే కూడుతుంది. సెలక్షన్ల కోసం కడుపు మాడ్చుకునేదీ ఆ ఏళ్లలోనే. నాకు కడుపు మండేది ఇక్కడే. ఆ పిల్ల తప్పేమీ లేదు, తల్లి తప్పూ లేదు. వాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

బౌలింగ్ పూర్తిగా ఆపించాను. రాత్రి అన్నం తిరిగి పెట్టమన్నాను. నెట్స్‌కు ముందు అరటిపండో, ఉడికించిన బుడ్డలో, తర్వాత రెండు గుడ్లు, ఇంట్లో ఉన్న రాగిసంగటి. ఐరన్ తక్కువుంది, మాత్రలిచ్చాను. సెలక్షన్లు పోయాయని పిల్ల నా ముందే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుకు నా దగ్గర మందు లేదు. సంక్రాంతి దాటాక నెలసరి వచ్చిందని ఫోను చేశారు. ఎండాకాలంలో, నొప్పి పూర్తిగా పోయాక, మొదట నాలుగడుగుల రనప్‌తో మళ్లీ బంతి పట్టించాం.

ఇలా ఏడ్చే పిల్లలకు నేను ఫాస్ట్ బౌలర్ ఝులన్ గోస్వామి సంగతి చెబుతాను. చక్‌దహా నుంచి లోకల్ రైల్లో కోల్‌కతాకు ప్రాక్టీసుకు పోయిన మనిషి. 1997 ప్రపంచకప్ ఫైనల్లో ఈడెన్ గార్డెన్స్‌లో బౌండరీ దగ్గర బంతులందించిన పిల్ల. 2002 జనవరిలో ఇండియాకు ఆడటం మొదలుపెట్టి, 2022 సెప్టెంబరు 24న లార్డ్స్‌లో ఆపింది. వన్డేల్లో 255 వికెట్లు. ఆ వికెట్ల కోసం పదివేల పైచిలుకు బంతులు వేసింది, అంటే ఆ ముందుకాలు అన్నిసార్లు దిగింది, అదీ మ్యాచుల్లో మాత్రమే. నెట్స్ లెక్క వేరు. 2022 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికాతో తప్పక గెలవాల్సిన ఆఖరి లీగ్ మ్యాచ్‌కు పక్కటెముకల దగ్గరి కండరం పట్టేసి బయట కూర్చోవలసి వచ్చింది. ఒక ఆదివారం పోయిందని కుమిలిపోయే పిల్లలకు ఈ సంగతి వివరంగా చెబుతాను.

మహిళా క్రికెట్ 2006లో బీసీసీఐ కిందికి వచ్చింది. సెంట్రల్ కాంట్రాక్టులు 2015లో మొదలయ్యాయి, మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు 2022లో ప్రకటించారు, మరుసటి సంవత్సరం మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) వచ్చింది. డబ్బు రావడం నాకు సంతోషం. ఆ డబ్బులో కొంత అండర్-15 పిల్లల పొద్దుటి పలహారానికీ, వారానికి ఎన్ని ఓవర్లు వేశారో రాసే మనిషికీ చేరాలని గట్టిగా కోరుకుంటాను.

ఇప్పుడు రైల్వే ఉద్యోగం చేస్తూ ఆడుతున్న ఒకావిడ నా దగ్గరికి వస్తోంది. ముప్ఫై దాటింది, ముందుకాలి మోకాలు అరిగింది. మోకాలి కోసం వచ్చిందనుకుంటే తలుపు వేసొచ్చి, "పిల్లలు పుట్టాక పేస్ వేయగలనా మేడమ్? ఇంట్లో అత్తయ్య రోజూ అడుగుతోంది" అంది. విశాఖ అమ్మాయి స్నేహ దీప్తి తల్లయ్యాకే 2023లో డబ్ల్యూపీఎల్ ఢిల్లీ జట్టుకు ఎంపికైందని చెప్పాను. "ఆవిడ బ్యాటర్ గదా" అంది వెంటనే. నిజమే. కాన్పయ్యాక పొట్ట కండరాలు, కటి కింది కండరాలు వదులుగా ఉంటాయి. పాలిచ్చే నెలల్లో ఎముకల్లో కాల్షియం కొంత తగ్గి, పాలు మానాక మళ్లీ కూడుకుంటుంది. ముందుకాలి భారాన్ని తట్టుకోవాలంటే ఈ రెండూ కుదుటపడాలి. తొందరపడకపోతే సాధ్యమేనని చెప్పాను, నమ్మే చెప్పాను. ఈ సీజన్ ఆడి తర్వాత బిడ్డను కంటానంది. కాన్పయిన ఆరు వారాలకు రమ్మన్నాను. అప్పుడు మొదలుపెట్టేది నడకతోనే, రనప్ ఎప్పుడన్నది ఆనాటి పరీక్షలను బట్టి చూస్తాం.