పాయింట్ల బాటలో సిడ్నీ ప్రయాణం

సిడ్నీలో ఉన్న మా అమ్మాయి పురిటికి వెళ్లవలసి వచ్చినప్పుడు మా ఇంట ఆనందంతోపాటు ఒక చింత కూడా ప్రవేశించింది. నా శ్రీమతికి అంతకు ముందు ఏడాదే వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగింది. ఎక్కువసేపు కూర్చోరాదని వైద్యుల హెచ్చరిక. హైదరాబాదు నుండి సింగపూరుకు సుమారు నాలుగున్నర గంటలు. అక్కడి నుండి సిడ్నీకి సుమారు ఎనిమిది గంటలు. బిజినెస్ తరగతిలో పడుకొని పోవచ్చును గాని, ఆ టిక్కెట్టు ధర మా శక్తికి మించినది.

అప్పుడు క్రెడిట్ కార్డు పాయింట్లు గుర్తుకు వచ్చాయి. అంతవరకు వాటితో మేము తెచ్చుకున్నవి ఒక గోడగడియారం, ఒక ఇస్త్రీపెట్టె మాత్రమే. ఆ పాయింట్లను విమాన సంస్థల మైళ్లుగా మార్చుకోవచ్చునని తెలిసింది. తరచు ప్రయాణించేవారికి మైళ్లిచ్చే పద్ధతిని అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో పెద్దయెత్తున ఆరంభించింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి పథకం పేరు క్రిస్‌ఫ్లయర్. అందులో సేవర్ తరగతికి మైళ్లు తక్కువ, సీట్లూ పరిమితమే.

ఒకనాటి రాత్రి రెండు సీట్లు ఖాళీగా కనిపించాయి. వెంటనే పాయింట్లన్నీ బదిలీ చేశాను. రెండు పాయింట్లకు ఒక మైలు చొప్పున మైళ్లు ఖాతాలో చేరేసరికి మూడు రోజులు పట్టింది. అప్పటికి మిగిలినది ఒక్క సీటే! పంపుహౌసులలో పనిచేసినవాడిని, నాన్-రిటర్న్ వాల్వు గుణం నాకు తెలియనిది కాదు. ఈ బదిలీ కూడా అటువంటిదే. వెళ్లిన పాయింట్లు తిరిగి రావు. తొందరపాటు నాదే.

కాని ఇద్దరికి ఒకవైపు ప్రయాణానికని చేర్చిన మైళ్లు ఒకరికి రాకపోకలకు సరిపోయాయి. ఆమెకు ముందు సీటు, నాకు వెనుక సీటు. విమానాశ్రయ పన్నులు మాత్రం నగదుగా చెల్లించాము.

చాంగీ విమానాశ్రయంలో కలుసుకొని, స్కైట్రెయిన్‌లో ఒక టెర్మినల్ నుండి మరొకదానికి పోతూ జ్యుయెల్ భవనంలోని 40 మీటర్ల జలపాతాన్ని చూశాము. గాజు కప్పు నడుమ నుండి నీరు నిట్టనిలువుగా పడుతూ ఉంటే, ఆ నీటిని తిరిగి పైకి ఎత్తే పంపుల గురించి నేను ఆలోచిస్తున్నాను. శ్రీమతి నా మోకాళ్ల గురించి అడుగుతున్నది.

మర్నాడు సిడ్నీలో ఆమె ఎవరి ఆసరా లేకుండా నడిచి బయటికి వచ్చింది. "నడుము నొప్పి లేదండీ, హాయిగా నిద్రపోయాను" అన్నది. నా మోకాళ్లు పట్టేసిన సంగతి నేను చెప్పలేదు.

విదేశాలలో సంతానమున్న సహోద్యోగులు మనలో అనేకులు. వారికి నా మనవి: ముందుగా సీటు చూడండి, మైళ్లు చేరడానికి పట్టే రోజులు విచారించండి, ప్రత్యామ్నాయంగా మరొక తేదీ ఎంచుకొని ఉంచుకోండి, ఆ తరువాతే బదిలీ చేయండి. క్రిస్‌ఫ్లయర్ మైళ్ల ఆయువు 36 నెలలు. పాయింట్ల కోసమని అదనపు ఖర్చు తగదు. బాకీ నిలిపితే అనేక కార్డులపై నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది. ఆ వడ్డీ ముందు ఏ ఉచిత ప్రయాణమూ ఉచితం కాదు.