పిల్లలతో పట్నం: రెండు రోజులు, పదిహేను వందలు

పట్నం అనగానే మన పల్లె కుటుంబాలకు ముందుగా ఖర్చే గుర్తుకొస్తుంది. "పిల్లలను వెంటబెట్టుకొని హైదరాబాదు పోవాలంటే మాటలా!" అని మేమూ చాలా ఏండ్లు వెనుకాడాము. మాది దేవరకొండ దగ్గరి పల్లె. ఈసారి మాత్రం వెళ్ళక తప్పలేదు. పదవ తరగతికి వచ్చిన మా అబ్బాయి, "చదువు చాలు నాయినా, మేస్త్రీ వెంట పట్నం పోయి సంపాదిస్త" అని పట్టుబట్టాడు. పండుగకు కొత్త సెల్‌ఫోనుతో వచ్చిన ఒక స్నేహితుణ్ణి చూచినప్పటి నుండి వానికి అదే ధ్యాస. కోపపడితే లాభం లేదని తలచి, దసరా సెలవులలో వానిని, ఆరవ తరగతి చదివే చెల్లెలిని తీసుకొని బయలుదేరాము. మా చేతిలో ఉన్నది పదిహేను వందల రూపాయలు.

జొన్నరొట్టెలు, పల్లీల పొడి, నాలుగు సీసాల నీళ్ళు ఇంటి నుండే తీసుకున్నాము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చింది గదా! తల్లీకూతుళ్ళకు ఆధార్ కార్డు చూపితే జీరో టికెట్ ఇచ్చారు. తండ్రీకొడుకులకే చార్జీ అయింది.

మాల్, ఇబ్రహీంపట్నం దాటి బస్సు ఎం.జి.బి.ఎస్.లో దింపింది. అక్కడి నుండి నడకే. ప్రక్కనే మూసీ నది. "మన వాడపల్లి కాడ కృష్ణలో కలిసేది ఇదేనా?" అని అమ్మాయి ముక్కు మూసుకొని అడిగింది. 1908 సెప్టెంబరులో ఈ నదే పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నదనీ, అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికారనీ చెప్పాము. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును చూపిస్తే పిల్లలు చాలాసేపు దాని కొమ్మలవైపే చూస్తూ నిలబడ్డారు.

తరువాత సాలార్‌జంగ్ మ్యూజియం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన, ముసుగు వేసుకొన్న రిబ్కా విగ్రహం ఇక్కడున్నది. మొదటి సాలార్‌జంగ్ దీనిని 1876లో రోము నగరంలో కొన్నాడు. ఇస్సాకును దూరాన చూచి రిబ్కా ముసుగు వేసుకొన్న సంగతి ఆదికాండములో మనమందరం చదివినదే. పాలరాయిలో ఆ పలుచని ముసుగు వెనుక ముఖం కనబడుతుంటే, "ఇది బట్ట కాదా అమ్మా?" అని అమ్మాయి పదేపదే అడిగింది. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు అందరితోపాటు మేమూ కూర్చున్నాము.

మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడిచి, 1591లో కట్టిన చార్మినారును క్రింద నుండే చూచాము. చూచినందుకు ఖర్చేమీ లేదు. లాడ్ బజారులో బేరమాడి అమ్మాయికి ఒక డజను గాజులు కొన్నాము.

సాయంత్రం సిటీ బస్సులో ట్యాంక్‌బండ్ చేరాము. హుస్సేన్‌సాగర్ మధ్యన బుద్ధ విగ్రహం. ఆ రాయి భువనగిరి దగ్గరి రాయగిరి నుండి, అనగా ఆనాటి మన నల్లగొండ జిల్లా నుండి వచ్చింది. 1990లో తరలిస్తుండగా ప్రమాదం జరిగి విగ్రహం నీట మునిగింది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1992 డిసెంబరు 1న దానిని తిరిగి నిలబెట్టారు. "రాయి మనదేనా!" అన్నాడు అబ్బాయి. రాయి మాత్రమే కాదు, ఈ పట్నం త్రాగే కృష్ణా నీళ్ళు కూడా మన జిల్లా మీదుగానే వస్తున్నవని చెప్పాము.

ఎల్.బి.నగర్ వైపు కడుతున్న ఒక భవనం వద్ద మా దూరపు బంధువు కాపలా ఉంటాడు. ఆ రాత్రి అతని రేకుల గుడిసెలోనే పడుకున్నాము. దోమలకు ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారి అతడే అబ్బాయిని, మమ్మల్ని కూలీల అడ్డాకు తీసుకువెళ్ళాడు. పారలు, సద్దిగిన్నెలు పట్టుకొని ఆడామగా రోడ్డు ప్రక్కన నిలబడియున్నారు. వారి మాట అచ్చం మన మాటే. కల్వకుర్తి దిక్కు నుండి వచ్చిన ఒక పెద్దమనిషిని మావాడు అడిగాడు:

"పెద్దనాయినా, పని దొరకకుంటే?"

"దొరకకుంటే పది దాకా నిలబడి రూముకు మల్లుడే, కొడుకా. నువ్వేం చదువుతున్నవు?"

"పది."

"నా కొడుకు ఏడుల బంద్ చేసిండు. నీ లెక్కనే తొందరపడ్డడు," అని ఆయన దూరంగా నిలబడిన ఒక పిల్లవాణ్ణి చూపించాడు. వాడు మావాని ఈడువాడే.

పాలమూరు కూలీలు కట్టని పెద్ద ఆనకట్ట లేదంటారు. ఆ పని తక్కువదని మేము మా కుమారునితో అనలేదు. అనము కూడా. అయితే వేరే దారి లేక నిలబడడం వేరు, చేతిలో ఉన్న దారిని విడిచి నిలబడడం వేరు. ఈ మాట కూడా మేము నోట అనలేదు. తిరుగు ప్రయాణంలో వాడు కిటికీ ప్రక్కన కూర్చొని ఏమీ మాట్లాడలేదు. సెలవుల తరువాత సంచి తగిలించుకొని బడికి పోయాడు. "పది అయినంక చూద్దాం" అంటున్నాడు. ప్రస్తుతానికి మాకు అది చాలు.

ఇల్లు చేరేసరికి నూట పది రూపాయలు మిగిలాయి. మీరూ వెళ్ళదలిస్తే రెండు మాటలు గుర్తుంచుకోండి. మ్యూజియానికి శుక్రవారం, జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. పిల్లల జేబులో మీ ఫోను నంబరు వ్రాసిన చీటీ పెట్టండి. వీలైతే, వారిని ఒక ఉదయం అడ్డాకు కూడా తీసుకువెళ్ళండి. మన ఊళ్ళవాళ్ళు అక్కడ ఉంటారు, పలుకరించి రండి.