ఇనుప కమాను

మా తల్లిగారు ఇరవై ఏడు సంవత్సరాలుగా మా ఇంటి ఆవరణలోనికి ట్రాక్టరును రానీయలేదు. వడ్లు వచ్చినా, ఎరువు వచ్చినా బాడుగ ట్రాక్టరు వీధిలోనే ఆగేది. బస్తాలు మనుషులు మోసి లోపల దించేవారు. ఊరివారికి కారణము తెలుసు గనుక ఎవరూ నవ్వేవారు కాదు. అటువంటి ఇంట గత సంవత్సరము, అంటే 2025లో, మేము ఒక చిన్న ట్రాక్టరు కొన్నాము. ఆ కొనుగోలును గూర్చి ఇక్కడ వ్రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాము.

మా స్వగ్రామము గూడూరు ప్రాంతములోనిది. నిమ్మకాయలకు పేరుపడిన చోటు. 1998 వానాకాలములో మా పెద్దన్న చెరువుకట్ట మీదుగా ట్రాక్టరు తోలుకొని వస్తుండగా కట్ట అంచు విరిగి, బండి ప్రక్కకు పల్టీ కొట్టింది. ఆయన క్రిందపడ్డాడు, బండి ఆయన మీద పడింది. అప్పటికి ఆయన వయస్సు 24. మేము బైబిలు కళాశాలలో చేరి మూడు నెలలైనా కాలేదు. భూస్థాపన అయిన తరువాత మేము చదువు మానివేస్తామంటే నాన్నగారు ఒప్పుకోలేదు. మా చిన్న తమ్ముడు పదవ తరగతి మానుకొని మడక పట్టాడు. మేము తిరిగి కళాశాలకు వెళ్ళాము. చదువరులారా, ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న సంగతిని మేము ఎన్ని ప్రసంగాలు చేసినా ఎన్నడూ నోటితో చెప్పలేకపోయాము.

నాన్నగారు పోయిన తరువాత మూడెకరాల నిమ్మతోట తమ్ముడి చేతి మీదనే ఉన్నది. ఇరవై అడుగులకొక చెట్టు చొప్పున మూడు వందల ఇరవై చెట్లు. ఎద్దులు ఉన్నంత కాలము దిగులు లేదు. 2016లో వాటిని అమ్మివేసిన తరువాత బాడుగ ట్రాక్టరే గతి అయ్యింది. బాడుగకు వచ్చేవన్నీ నలభై అయిదు, యాభై హార్స్ పవరు బండ్లు. రెండు టన్నుల బరువు, ఆరడుగుల వెడల్పు. పొలము దున్నుటకు అవి మంచివే గాని, కొమ్మలు రెండు ప్రక్కల నుండి అల్లుకొన్న నిమ్మతోటలోనికి అవి వస్తే ఏనుగు పందిట్లోనికి వచ్చినట్టే.

నిమ్మచెట్టుకు ఆహారము తీసుకొనే సన్నవేళ్ళు నేలకు దగ్గరగానే ఉంటాయి. లోతుగా దున్నితే అవి తెగిపోతాయి. డ్రైవరుకు ఆ సంగతి పట్టదు, ఎకరాకింత అని లెక్క కట్టుకొని పోతాడు. దానికంటె పెద్ద నష్టము మాను దెబ్బ తినుట. గొర్రు మూలో, చక్రమో తగిలి బెరడు లేచిందంటే ఆ గాయములో నుండి తెగులు చొరబడుతుంది. కొన్నాళ్ళకు మాను నుండి జిగురు కారుతుంది. దీనినే బంక తెగులు అంటారు. చెక్కి బోర్డో పేస్టు పూసినా అన్నిసార్లు ఫలితము ఉండదు. రెండేళ్ళలో మావి పదకొండు చెట్లు అలా పోయాయి. కాపు మీద ఉన్న చెట్టు ఎండిపోవుట చూసినవారికి ఆ బాధ తెలుస్తుంది.

గత వేసవి సెలవులలో మేము కుటుంబముతో ఊరు వెళ్ళినప్పుడు తమ్ముడు తోటలో నిలబడి, "అన్నా, చిన్న ట్రాక్టరు ఒకటి కొంటే గాని తోట నిలవదు. అమ్మను నువ్వే అడగాలి" అన్నాడు. ఇరవై ఏడేళ్ళలో అతడు మమ్మును నోరు తెరిచి అడిగినది అదొక్కటే.

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు అన్నము వడ్డిస్తూ, "బండి పడినా మనిషి బ్రతికే బండి ఉంటే తెచ్చుకోండి. లేదంటే తోట కొట్టించి సరుగుడు వేసుకోండి" అన్నది. అటువంటి బండి ఉండదు అనుకొనే ఆమె అలా అన్నదని మా నమ్మకము.

కాని ఉన్నది. ట్రాక్టరు వెనుక ఇరుసుకు బిగించే ఇనుప కమాను ఒకటి ఉంటుంది, రోల్ బార్ అంటారు. బండి పల్టీ కొట్టినప్పుడు ఆ కమాను నేలకు ఆని, డ్రైవరు కూర్చున్న చోట మనిషి పట్టేంత ఖాళీని కాపాడుతుంది. స్వీడన్ దేశములో 1959లోనే క్రొత్త ట్రాక్టర్లకు ఇటువంటి రక్షణ ఉండి తీరాలని చట్టము చేశారు. అక్కడ ట్రాక్టరు క్రింద పడి చనిపోయేవారి సంఖ్య ఆ తరువాత బాగా తగ్గిపోయింది. అమెరికాలో 1985 నుండి కంపెనీలవారే దాదాపు అన్ని క్రొత్త బండ్లకు బిగించి ఇస్తున్నారు. మన ఊళ్ళలో తిరిగే ట్రాక్టర్లలో అధికభాగము వాటికి ఇది లేదు. మా అన్న తోలిన బండికీ లేదు. ఈ సంగతులన్నీ తెలిసికొన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. 1959కి మా అన్న ఇంకా పుట్టనే లేదు.

అయితే కమాను ఒక్కటే చాలదు. సీటు బెల్టు పెట్టుకొన్నవానికే అది రక్షణ. బెల్టు లేనివాడు ఆ ఖాళీలో నుండి బయటకు విసరబడి, ఒక్కోసారి ఆ కమాను క్రిందనే పడతాడు. మరొక చిక్కు ఉన్నది. తోటలో కొమ్మలు తక్కువ ఎత్తులో ఉంటాయి గనుక నిటారు కమాను వాటికి తగులుతుంది. అందుకే పిన్ను తీసి వెనుకకు మడిచే కమానులు వచ్చాయి. మడిచినప్పుడు మాత్రము బెల్టు పెట్టుకొనకూడదు. అప్పుడు బండి పడితే బెల్టే మనిషిని బండికి కట్టి చంపుతుంది. పైకి లేపితే బెల్టు పెట్టాలి, మడిస్తే తీయాలి. మేము దీనిని తమ్ముడి చేత వల్లె వేయించాము, బడిపిల్లవానికి ఎక్కాలు చెప్పించినట్టు.

మేము, మా భార్య, తమ్ముడు కలిసి మూడు నాలుగు షోరూములు తిరిగాము. చిన్న ట్రాక్టర్లు ఇన్ని రకాలు వచ్చాయని మాకు తెలియదు. 2023లో మహీంద్రావారు విడుదల చేసిన ఓజ అనే తేలికరకము మన జహీరాబాదు ఫ్యాక్టరీలోనే తయారవుతున్నదని ఒకచోట చెప్పారు. చివరకు మేము ఏ కంపెనీది తీసికొన్నామో ఇక్కడ వ్రాయము, ఎందుకో తరువాత మీకే తెలుస్తుంది. ఇరవై నాలుగు హార్స్ పవరు, నాలుగు చక్రాలకూ శక్తి అందేది, బరువు టన్నుకు కొంచెము తక్కువ. నాలుగడుగుల రోటావేటరును సునాయాసముగా త్రిప్పుతుంది.

ఫ్యాక్టరీలోనే మూడు మార్పులు చేయించి పంపాలని ఆర్డరు వ్రాయించాము. మొదటిది మడిచే కమాను, బెల్టుతో. రెండవది సైలెన్సరు. మామూలుగా అది బానెట్టు మీద గొట్టమువలె పైకి నిలిచి ఉంటుంది. తోటలో అది కొమ్మలకు తగిలి ఆకులను కాలుస్తుంది గనుక క్రిందుగా ప్రక్కకు త్రిప్పినది కావాలన్నాము. మూడవది వెనుక చక్రాల రిమ్ములు. వాటిని అటువి ఇటు మార్చి బిగిస్తే చక్రాల నడుమ దూరము 36 అంగుళాలు గాని, 44 అంగుళాలు గాని చేసికొనవచ్చు. ఇక్కడ తమ్ముడికీ మాకూ కొంచెము వాదన జరిగింది. తోటకు 36 అంగుళాలు హాయి. కాని చక్రాలు ఎంత దగ్గరైతే బండి ప్రక్కకు పడే ప్రమాదము అంత ఎక్కువ. చెట్లకు మేలు చేసే కొలత మనిషికి కీడు. ఆఖరుకు 44 దగ్గరనే ఉంచి, చక్రాలలో ముప్పాతిక వంతు నీరు నింపించి బరువును క్రిందికి దించాలని, అడ్డము వచ్చే కొమ్మలను కత్తిరించాలని ఒప్పుకొన్నాడు. కొమ్మలు మళ్ళీ వస్తాయి కదా అన్నది మా భార్య. ఆమె మరేమీ అనలేదు.

ఆగస్టులో అడ్వాన్సు కట్టాము. అంతలో పన్ను తగ్గుతుందని వార్త వచ్చింది. సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి. 12 శాతము నుండి 5 శాతమునకు దిగింది. మా బండి అసలు ధర 5,20,000 రూపాయలు గనుక మాకు 36,400 కలిసి వచ్చింది. మూడు మార్పులకు కలిపి వారు అడిగిన అదనపు సొమ్ము 34,000. మిగతా సొమ్ములో సగము మా దంపతుల పొదుపు, సగము బ్యాంకు అప్పు.

అక్టోబరు మొదటి వారములో బండి వచ్చిందని కబురు వచ్చింది. వెళ్ళి చూస్తే సైలెన్సరు సరిగానే ఉన్నది, రిమ్ములు సరిగానే ఉన్నవి. కమాను లేదు. బిల్లులో మాత్రము ఉన్నది! అడిగితే షోరూము యజమాని చాలా మర్యాదగా కాఫీ తెప్పించి, "అయ్యగారూ, ఫ్యాక్టరీ నుండి రావాలంటే నెల పైన పడుతుంది. మన వెల్డింగు షాపులో రెండు రోజులలో చేయించి, బండి రంగే కొట్టించి ఇస్తాను. తేడా ఎవరూ కనిపెట్టలేరు" అన్నాడు.

మేము ఇక్కడ ఒక సంగతి దాచకుండ ఒప్పుకోవాలి. మేము సరేనన్నాము. వానలు మొదలైపోయాయి, తోటలో గడ్డి మోకాలి ఎత్తు లేచింది, ఆదివారమునకు మేము సంఘమునకు తిరిగి వెళ్ళాలి. తమ్ముడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. సంతకము పెట్టుటకు కలము తీసికొన్నాము కూడ. అప్పుడు మా భార్య మెల్లగా, "మరి అత్తయ్యకు ఏమని చెబుతారు?" అని అడిగింది.

చెప్పనక్కరలేదనే మేము అనుకొన్నాము. ఆమెకు ఇనుములో తేడా ఏమి తెలుస్తుంది? కమాను కనబడుతుంది, ఊరుకొంటుంది. ఆ ఆలోచన మా మనస్సులో ఎంత సులువుగా వచ్చి కూర్చున్నదో తలంచుకొంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. పరీక్షించి చేసిన కమాను దెబ్బకు కొంచెము వంగి ఆ బలమును తనలో ఇముడ్చుకొంటుంది గాని మనిషి ఉన్న చోటును ఆక్రమించదు. అందుకు ఏ ఇనుము, ఎంత మందము, ఏ బోల్టులు అన్నది లెక్క ఉంటుంది. ఒకసారి వంగిన కమానును సరిచేసి వాడకూడదు, మార్చివేయాలి. వీధి షాపులో గొట్టములు అతికి చేసినది మొదటి దెబ్బకే అతుకు దగ్గర విరిగిపోవచ్చు. ఇదంతా తెలిసికొని, తమ్ముడికి పాఠము చెప్పినది మేమే.

కలము జేబులో పెట్టుకొన్నాము. ఫ్యాక్టరీ నుండి కమాను వచ్చే వరకు బండి తీసికొనమని, బిల్లులో ఉన్నది బండి మీద ఉండాలని కాగితము మీద వ్రాసి ఇచ్చాము. యజమాని ముఖము మారింది. కాఫీ మర్యాద అంతటితో సరి. తరువాత ఎన్ని ఫోనులు చేశామో లెక్క లేదు. అయిదు వారాలు గడిచాయి. ఆ అయిదు వారాలు తమ్ముడు, మరదలు ఇద్దరే కొడవళ్ళతో పాదుల చుట్టూ గడ్డి కోశారు. కూలీలు దొరకలేదు. ఒకసారి తమ్ముడు ఫోనులో, "వెల్డింగుదే తెచ్చుకొని ఉంటే ఈపాటికి అయిపోయేది గదన్నా" అన్నాడు. మేము ఏమీ అనలేకపోయాము. చేతులు కోసుకొనేది అతడు, పట్టుదల మాది.

నవంబరు రెండవ వారములో కమాను వచ్చింది. దాని మీద పరీక్షించిన గుర్తుతో చిన్న రేకు బిగించి ఉన్నది. బండిని మేమే వెంట ఉండి ఇంటికి తెచ్చాము. తమ్ముడు అలవాటు చొప్పున వీధిలోనే ఆపాడు. అమ్మ కర్ర పట్టుకొని బయటకు వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, కమానును రెండు చేతులతో పట్టుకొని ఊపి చూసింది. డెబ్బయి రెండేళ్ళ మనిషి ఊపితే కదిలేదా అది! తరువాత మావైపు తిరిగి, "నాయనా, ఇది ఫ్యాక్టరీదేనా?" అని అడిగింది. షోరూములో జరిగినది ఆమెకు ఎవరూ చెప్పలేదు. "అవునమ్మా, అందుకే ఆలస్యమైంది" అన్నాము. మా భార్య మా ముఖము చూడలేదు, మేలు చేసింది.

"లోపలికి తోలు" అన్నది అమ్మ తమ్ముడితో.

తోట ఇప్పుడు బాగానే ఉన్నది. నాలుగు అంగుళాల లోతు మించకుండ రోటావేటరు వేస్తున్నాడు. ఈసారి ఒక్క మానుకు కూడ దెబ్బ తగలలేదు. నిమ్మముళ్ళకు ముందు చక్రము రెండుసార్లు పంక్చరు అయ్యింది, అది వేరే సంగతి. అప్పు వాయిదాలకని చుట్టుప్రక్కల తోటలకు బాడుగకు కూడ వెళుతున్నాడు. మొన్న జనవరిలో మేము అక్కడ ఉన్నప్పుడు చెరువు అవతలి తోటవారు పిలిచారు. కట్ట మీదుగా వెళితే కిలోమీటరు కూడ లేదు. తమ్ముడు కమాను లేపి, పిన్ను పెట్టి, బెల్టు బిగించుకొన్నాడు. బండి వీధి చివరకు వెళ్ళి కట్ట వైపు తిరుగలేదు. మూడు కిలోమీటర్ల చుట్టు అయినా తారురోడ్డు మీదుగానే వెళ్ళాడు. డీజిలు దండుగ కదరా అని మేము అడుగలేదు. అమ్మ అరుగు మీద కూర్చొని, శబ్దము ఏ దిక్కుకు పోతున్నదో వింటూ వక్క కొరుకుతున్నది.