గడియారాల వీధి వెనక గాయపడ్డ సింహం

'సరిగ్గా రెండు గంటలు! నాలుగున్నరకల్లా అందరూ బస్సు దగ్గరుండాలి'... మైకులో టూర్‌ మేనేజరు ఈ మాట అన్నాడంటే లూసెర్న్‌ వచ్చేసినట్లే.

యూరప్‌ టూరులో స్విట్జర్లాండ్‌ రోజు చాలా బృందాలకు ఇలాగే గడుస్తుంది. పొద్దున్నే టిట్లిస్‌ కొండ. తన చుట్టూ తాను మెల్లగా తిరిగే కేబుల్‌కారులో 3,020 మీటర్ల ఎత్తుకు చేరడం, మంచు ముద్దలు విసురుకోవడం, షారుక్‌-కాజోల్‌ కటౌట్‌ పక్కన ఫొటో దిగడం. మధ్యాహ్నానికి లూసెర్న్‌.

అక్కడ షాపింగ్‌ అంటే సరస్సు పక్కనే ఉన్న శ్వానెన్‌ప్లాట్జ్‌... అంటే హంసల కూడలి. అద్దాల వెనక వాచీలే వాచీలు! అల్లుడికొకటి, కొడుక్కొకటి అనుకుంటూ వెళ్లినవారు ఫ్రాంకుల్ని రూపాయల్లోకి లెక్కేసుకుని, చాక్లెట్ల అరల వైపు తిరగడం మామూలే. నిజంగానే కొంటే మాత్రం పన్ను సంగతి మరవకూడదు. ఒక దుకాణంలో కనీసం 300 ఫ్రాంకుల సరుకు కొన్న విదేశీయులకు 8.1 శాతం వ్యాట్‌ (2024 నుంచి ఇదే రేటు) సేవా రుసుము పోను వెనక్కి వస్తుంది. బిల్లుతోపాటు ఫారం అడిగి తీసుకోవాలి. దానిమీద కస్టమ్స్‌ ముద్ర స్విట్జర్లాండ్‌ దాటేచోటే వేయించుకోవాలి. ఆ దేశం యూరోపియన్‌ యూనియన్‌లో లేదు. పారిస్‌ విమానాశ్రయంలో చూసుకుందాంలే అనుకుంటే ఆ డబ్బుకు నీళ్లొదులుకోవాల్సిందే! స్విస్‌ చాకులేమో చెకిన్‌ సామానులోనే పెట్టాలి. ఇక కుక్కూ గడియారమంటారా... దాని పుట్టిల్లు జర్మనీలోని బ్లాక్‌ ఫారెస్ట్‌. తొందరేం లేదు.

కూడలికి దగ్గర్లోనే రాయిస్‌ నది మీద చాపెల్‌ వంతెన. పైన కప్పుతో, 14వ శతాబ్దంలో కట్టిన చెక్క వంతెన. 1993 ఆగస్టులో నిప్పంటుకుని చాలా భాగం కాలిపోయింది, కప్పు కింది పాత చిత్రాలతో సహా. ఎనిమిది నెలల్లో మళ్లీ కట్టేశారు.

వాచీల కోసం వదిలేసుకోకూడనిది సింహం. వాచీ దుకాణాలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి మరి! కూడలి నుంచి పది నిమిషాల నడక, టికెట్టు లేదు. చిన్న కొలను వెనక కొండరాతిలోనే చెక్కారు, పొడవు దాదాపు పది మీటర్లు. ఒంట్లో దిగి విరిగిన బల్లెం, పంజా కింద ఫ్రాన్స్‌ రాజచిహ్నమున్న డాలు. డెన్మార్క్‌ శిల్పి థోర్వాల్డ్‌సెన్‌ నమూనా ఇవ్వగా 1821లో పూర్తయింది.

ఈనాటి సంపన్న దేశపు కుర్రాళ్లు ఒకప్పుడు జీతం కోసం పరాయి రాజుల సైన్యాల్లో చేరేవారు. 1792 ఆగస్టు 10న పారిస్‌లో విప్లవకారులు ట్యూలరీ రాజభవనం మీద పడ్డారు. 16వ లూయీ అప్పటికే కుటుంబంతో బయటపడ్డాడు. కాపలా ఉన్న స్విస్‌ సైనికులు మాత్రం అక్కడే ఉండిపోయారు. సుమారు 760 మంది చనిపోయారని సింహం కింద రోమన్‌ అంకెల్లో రాసి ఉంది. అదే దళానికి చెందిన లూసెర్న్‌ అధికారి కార్ల్‌ ఫైఫర్‌ ఆ రోజు సెలవు మీద సొంతూళ్లో ఉన్నాడు. అలా బతికిపోయిన ఆయనే తర్వాత చందాలు పోగుచేసి, తోటివారి కోసం ఈ సింహాన్ని చెక్కించాడు.