చీనీతోటలో బూజు వైద్యం

అనంతపురం నుంచి గుత్తి రోడ్డున వెళ్తుంటే ఎటు చూసినా ఎర్రనేల, వేరుసెనగ చేలు, రాళ్ళగుట్టలు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. అటువంటిచోట గార్లదిన్నె దగ్గర బస్సు దిగగానే పచ్చని చీనీతోటలు కనబడితే ప్రాణం లేచి వస్తుంది. మా మామగారి తోట అక్కడే. మొన్న భాద్రపదంలో వెళ్ళాను.

అత్తగారు పెట్టిన ఉగ్గాణి తిని తోటకు పోగానే మామగారు ఒక కాయ చేతిలో పెట్టారు. తొక్కంతా తుప్పు పట్టినట్టుంది.

"మంగు, అల్లుడా! లోపల రసం తేనే. అయితే బేరగాడు కాయ మొగం చూసి ధర కడతాడు. పోయినేడు సగానికే ఇస్తి. బోరు అప్పు అట్లే ఉండాది."

ఇది మంగునల్లి పని. కంటికి ఆనని పురుగు, నాలుగే కాళ్ళు. దీనికి శత్రువు ఒక బూజు: పేరు హిర్సుటెల్లా థాంప్సోనై. అమెరికాలోని ఫ్లోరిడా నారింజతోటలలో నల్లిని ఏదో బూజు చంపుతున్నదని 1924లోనే శాస్త్రజ్ఞులు అనుమానించారు. 1950లో దానికి పేరు పెట్టారు. బూజు విత్తు నల్లి ఒంటికి అంటుకుని మొలకెత్తి, లోపలికి చొచ్చుకుపోతుంది. 1998లో కేరళ కొబ్బరిలో నల్లి బయటపడిన తరువాత బెంగుళూరు శాస్త్రజ్ఞులు దానిమీద ఈ బూజునే ప్రయోగించారు.

తమాషా ఏమంటే, తెగుళ్ళకని మైలుతుత్తపు మందులు చల్లిన ఫ్లోరిడా తోటలలో నల్లి మరింత పెరిగింది. మందు బూజును చంపేసింది మరి!

ఇది చెప్పగానే మామగారు తల పట్టుకున్నారు. "ఏటా చెట్టంతా తడిసేట్టు బోర్డో మిశ్రమం కొట్టించింది నేనే కదప్పా!"

ఈసారి బంకతెగులుకు మాను మొదట పూత పూసి ఊరుకున్నారు. బూజు పొడి తెప్పించారు. కాని బూజు మొలవాలంటే తేమ కావాలి. ఈ సీమలో దొరకనిదే అది! అందుకని వాన వెలిసిన సాయంత్రం, ఎండ తగ్గాక, ఆకు అడుగు కూడా తడిసేట్టు చల్లించారు.

మర్నాడు తెల్లవారకముందే మామగారు భూతద్దం పట్టుకుని తోటలో ఉన్నారు.

"నల్లి చచ్చిందా మామా?"

"అప్పుడే యాడ? కొన్నాళ్ళు పడుతుందంట. ఆకుమీద మంచు ఉండాదా లేదా అని చూస్తాండా."

వాన కోసం ఆకాశం వంక చూసే రైతులను ఎందరినో చూశాను. మంచు చుక్క కోసం ఆకును తిప్పి చూసే రైతును చూడడం నాకదే మొదలు.